గృహారోగ్యము: మోకాళ్ళ పర్వతము

అలిపిరి దారిని కాలినడకను తిరుమల కొండ నెక్కినవారందఱకును ఒక యనుభవము సామాన్యము. దారిలో మెట్లు రమారమి 3550. మొదట గోవిందనామమును బిగ్గరగా పలుకుచు ఎక్కుదుము. కొంత దూరము పోవునప్పటికి నామము మెల్లనగును. గాలిగోపురము దాటిన పిమ్మట దారి చదునై ఊఱట కలిగించును. ఇక చేరితిమి గదా యనుకొనునంతలో తుది భాగమున నిట్టనిలువుగా లేచిన మెట్లవరుస యొకటి ఎదురగును. దానికి మోకాళ్ళ పర్వతమని పేరు. భగవద్రామానుజులు ఈ పవిత్రగిరిని పాదములతో త్రొక్కుటకు మనసొప్పక మోకాళ్ళతో ఎక్కిరని పెద్దలు చెప్పుదురు. ఆ కథ తెలియని యాత్రికురాలికిని ఆ పేరు ఎట్లు వచ్చినదని సందేహము కలుగదు. ఆమె మోకాళ్ళే ఆమెకు బదులు చెప్పును.

ఈ మాసము ఆ మోకాళ్ళను గూర్చియు, దేహమును నిలుపు ఎముకలను గూర్చియు వ్రాయదలచితిని. గ్రంథములు చూచి మాత్రమే వ్రాయుచున్న సంగతి కాదిది. మా యింట నేను చేసిన యొక పొరపాటు దీనికి కారణము. దానిని దాచక చెప్పెదను. నావలె మంచి చేయుచున్నామనుకొని కీడు చేయుచున్న కోడండ్రు, కూతుండ్రు మఱికొందఱుండవచ్చును.

మా అత్తగారి పుట్టినిల్లు చిత్తూరునకు దాపున నున్న పల్లె. నేను కాపురమునకు వచ్చిననాటికి ఆమె తెల్లవాఱకమునుపే లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, బావినుండి నీళ్ళు తోడి, రెండు బిందెలు ఒక్కసారి మోసికొని వచ్చెడివారు. మావారికి తిరుపతి పాఠశాలలో ఉద్యోగమైన పిమ్మట ఆమెయు మాతో వచ్చిరి. అప్పటికే ఆమెకు మోకాళ్ళ నొప్పి మొదలైనది. మిద్దె మెట్లు దిగునప్పుడు గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టునకు నిలుచుచుండిరి. నేను చిన్ననాడు మా తండ్రిగారివద్ద భారత భాగవతములు చదువుకొన్నదానను. పెద్దల శుశ్రూషను మించిన ధర్మము లేదని నా మనసున నాటుకొన్నది. కావున ఆమె చేతిలోని పని యంతయు ఒక్కొక్కటిగా నేనే తీసికొంటిని. చీపురు తీసికొంటిని, బిందె తీసికొంటిని, తులసికి నీళ్ళు పోయు చెంబును సైతము తీసికొంటిని. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చేస్తాను" అనుట నాకు నిత్యపాఠమైనది. టెలివిజను ఎదుట మెత్తని కుర్చీ వేసితిమి. మంచినీళ్ళు, మందులు చేతికందునట్లు ప్రక్కనే ఉంచితిమి. ఇరుగుపొరుగువారు ఇట్టి కోడలు ఎవరికి దొరకునని మెచ్చుకొనిరి. నేనును పొంగిపోతిని.

రెండేండ్లు ఇట్లు గడచినవి. ఆమె తొడలు సన్నబడినవి. కుర్చీ నుండి లేచుటకు నా చేయి కావలసివచ్చెను. నొప్పి తగ్గలేదు సరికదా హెచ్చినది. ఒక వానకాలపు ఉదయమున పెరటిలో తడిసిన బండమీద కాలు జాఱి, చేయి ఆనించి పడిరి. పెద్ద పాటు కాదు. మనబోటివారు పడినచో చీర దులుపుకొని లేచియుందుము. ఆమెకు మణికట్టు విఱిగినది. వైద్యుడు కట్టు కట్టి, పిమ్మట ఎముకల సాంద్రతను కొలుచు పరీక్ష చేయించి, ఎముకలు గుల్లబాఱినవని చెప్పెను. ఇంటిలో ఈమె ఏ పనులు చేయుదురని అడిగెను. నేను కొంత గర్వముతోనే, ఒక్క పనియు చేయనీయనంటిని. ఆయన నన్ను నిందింపలేదు. కాని, పని లేకపోవుటవలననే ఈమె కాళ్ళ బలము ఇంత త్వరగా పోయినదని మాత్రము మెల్లగా చెప్పెను.

తిరిగి వచ్చుచు ఆటోలో అత్తగారు నా చేయి పట్టుకొని యొక మాట యనిరి. "నాకు అప్పుడే తెలిసిందమ్మా. చెబితే నీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకుంటిని." ఆ మాట నాకు ఇప్పటికిని మనసులో ముల్లై యున్నది. నా మనసు నొవ్వకుండుటకై ఆమె తన కాళ్ళను ఇచ్చివేసిరి.

ఇక సంగతికి వచ్చెదను. ముసలితనమున మనలను బాధించు ఈ రెండు వ్యాధులను మనము తఱచుగా ఒకటిగా తలచి, కీళ్ళనొప్పులని ఒకే పేరు పెట్టుదుము. అవి వేఱువేఱు. మొదటిది కీళ్ళ అరుగుదల. ఎముకలు కలియుచోట వాని కొనలను నున్నని మెత్తని పొర కప్పియుండును. దానిని మృదులాస్థి యందురు. అది పలుచబడి గరుకెక్కిన కొలది కీలు నొచ్చును, ఉదయమున బిగిసికొనును, కదలించినప్పుడు కరకరమనును. రెండవది ఎముకల గుల్లతనము. చెదలు తిన్న దూలము పైకి బాగుగనే కనబడినట్లు ఎముక రూపము మాఱకయే లోపల డొల్లయగును. మోకాలు మొఱపెట్టును గనుక దానిని వినుదుము. గుల్లబాఱిన ఎముక విఱుగువఱకు నోరు మెదపదు. మణికట్టు, వెన్నుపూస, తుంటి అను మూడు చోటులలో అది ఎక్కువగా విఱుగును. వెన్నుపూసలు ఒకటొకటిగా నలిగినందువలననే కొందఱు అవ్వలు పొట్టియై, గూని కలిగి, నేలచూపులతో నడుతురు. భాగవతమునందలి కుబ్జను శ్రీకృష్ణుడు ఒక్క క్షణమున నిటారుగా నిలిపెను. మనకు అట్టి భాగ్యము లేదు గనుక వంగకమునుపే జాగ్రత్తపడవలెను.

ఈ రెండు వ్యాధులకును గల చుట్టఱికమేమన, రెండింటికిని కదలిక మేలు చేయును, కదలకుండుట కీడు చేయును. ఇది వినుటకు వింతగా నుండును. అరిగినదానిని ఇంకను వాడినచో ఇంకను అరుగదా యని నేనును అనుకొంటిని. బండిచక్రమునకు అది నిజము, దేహమునకు నిజము కాదు. మృదులాస్థికి రక్తనాళములు లేవు. దానికి ఆహారము కీలులోని ద్రవమునుండియే రావలెను. నీటిలోని గుడ్డను పిండి విడిచినప్పుడు క్రొత్తనీరు పీల్చుకొనునట్లు, నడచినప్పుడు అది నొక్కబడి, విడువబడి, ఆ ద్రవమును పీల్చుకొనును. కదలని కీలు ఆకలితో నుండును. మఱియు మోకాలిపై పడు దెబ్బను ముందుగా కాచునది తొడకండరము. అది సన్నబడినప్పుడు భారమంతయు కీలుపై పడును. మా యింట జరిగినది ఇదియే.

బరువు సంగతియు ఇచ్చటనే చెప్పవలెను. దేహమున ఒక కిలో తగ్గినచో, వేయు ప్రతి అడుగునను మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో అమెరికా పరిశోధకులు స్థూలకాయులైన మోకాలినొప్పివారిని నడిపించి కొలిచి చూపిరి. ఆ దేశముననే ఫ్రామింగ్‌హాము అను పట్టణమున బహుకాలము జరిగిన పరిశీలనలో, పదేండ్లలో సుమారు 5 కిలోలు తగ్గిన స్త్రీలకు మోకాళ్ళ వ్యాధి వచ్చు భయము సగమునకు మించి తగ్గినట్లు 1992లో తేలినది. ఐదు కిలోలనగా పెద్ద తపస్సు కాదు. మధ్యాహ్నపు చిరుతిండియు, కాఫీలోని రెండవ చెంచా చక్కెరయు మాని, దినమునకు అరగంట నడచినచో మెల్లమెల్లగా సాధ్యమగునది.

ఎముకను మనము ఱాతివలె జడమైనదని తలతుము. కాదు. అది జీవించియున్న వస్తువు. పాతది తీసివేయబడుచు, క్రొత్తది కట్టబడుచు, జీవితాంతము దానిలో పని జరుగుచునే యుండును. మోసిన భారమును బట్టి ఎముక తన్ను తాను మలచుకొనునని 1892లో జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ ఒక గ్రంథమున ప్రతిపాదించెను. భారము లేని ఆకాశయానమున నెలల తరబడి యుండువారికి ప్రతినెలయు ఎముక నూటికి ఒకటి చొప్పున, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, తఱుగుచుండుట ఈ సంగతికి నేటి సాక్ష్యము. కుర్చీలో కదలక కూర్చున్న అవ్వయు ఎముకల విషయమున ఆకాశయానము చేయుచున్నదియే. దధీచి ఎముకలు వజ్రాయుధమగుటకు తపస్సు కారణమైనది. మన ఎముకలకు తగిన భారమే తపస్సు.

మన వయసువారు వినవలసిన మాట యొకటి ఇచ్చట నున్నది. ఎముకల నిధి నిండునది యౌవనముననే. సుమారు ముప్పదేండ్లకు ఆ కుండ నిండును. ఆపైన కొంతకాలము నిలుకడగా నుండి మెల్లగా తఱుగ నారంభించును. ముట్లు ఉడిగిన పిమ్మట తొలి కొన్నియేండ్లు స్త్రీకి ఆ తఱుగుదల వడిగా సాగును. ఎముకను కాపాడుచుండిన స్త్రీధర్మపు రసము, ఈస్ట్రోజెను అనునది, అప్పుడు తగ్గిపోవుటయే కారణము. కావున పదునాలుగేండ్ల కూతురు త్రాడాట ఆడుట, ముప్పదియైదేండ్ల తల్లి నీళ్ళబిందె మోయుట, అరువదియెనిమిదేండ్ల అత్తగారు పెరటిలో నడచుట, మూడును ఒకే వ్రతమునకు మూడు అంగములు. మన తల్లులకు రోలు, రోకలి, తిరుగలి, బావిగిలక ఉండెను. వానిలోని కష్టమును నేను పొగడను. ఆ కష్టమువలన నడుములు విఱిగినవారును కలరు. కాని గ్రైండరును, కొళాయియు వచ్చి పని తగ్గించినప్పుడు, ఆ పనితోపాటు దేహమునకు అందుచుండిన బలమును వేఱొక విధమున మనమే సమకూర్చుకొనవలసియున్నది.

తినుటను గూర్చి. ఎముకకు కాల్షియము అను సున్నపు ధాతువు కావలెను. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాములు, ముట్లు ఉడిగిన స్త్రీకి 1200 మిల్లీగ్రాములు వలయునని 2020లో భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. మన తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు ఈ పట్టణమునను, చుట్టుపట్ల పల్లెలలోను, ఆరోగ్యముగా నున్నవారినే పరీక్షించి 2007లో ప్రకటించిన పరిశోధన మనము ముఖ్యముగా ఎఱుగదగినది. పట్టణమువారి భోజనమునను, పల్లెవారి భోజనమునను ఈ ధాతువు చాలినంత లేదని తేలినది. సూర్యరశ్మివలన కలుగు విటమిను డి కొఱత పల్లె స్త్రీలలో నూటికి 70 మందికి, పట్టణ స్త్రీలలో 75 మందికి కనబడినది. ఇంత యెండగల సీమలో ఇట్టి కొఱతయా యని ఆశ్చర్యము కలుగును. ఎండ ఆకాశమున నుండుట చాలదు, ఒంటికి తగులవలెను గదా!

కొఱత తీఱు దారి మన వంటయింటనే కొంత యున్నది. నూఱు గ్రాముల బియ్యమున ఈ ధాతువు పది మిల్లీగ్రాములకు మించదు. అంతే రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా నున్నది. మన చిత్తూరు సీమ రాగిసంగటిని నాగరికులమైతిమని విడిచి, మరల వైద్యుడు చెప్పగా మందుగా తినుచున్నాము. రాగులలో ఫైటేటు అను మఱియొక పదార్థము సున్నపు ధాతువును పట్టియుంచి దేహమున కందనీయదు. నానబెట్టి మొలకెత్తించి విసరుకొన్నచో, లేక అంబలిగా పులియబెట్టినచో, ఆ పట్టు సడలును. పాలు, పెరుగు, మజ్జిగ, నువ్వులపొడి, మునగాకు, తోటకూర, కఱివేపాకు పొడి నిత్యము వాడుకొనుడు. కండరమునకు పప్పుధాన్యములును కావలెను. పెద్దవారు ఆకలి లేదని మజ్జిగన్నముతో సరిపెట్టుకొనకుండ చూడుడు. మాత్రలు కావలెనా వద్దా యనునది వైద్యుడు చెప్పవలసిన మాట. మూత్రపిండములలో ఱాళ్ళు గలవారు తమంత తాము మింగరాదు.

ఎండ సంగతి. తిరుపతిలోనే జరిగి 2013లో ప్రకటింపబడిన మఱియొక పరిశీలనలో, ఇచ్చట చర్మమున విటమిను డి తయారగుటకు పగలు 11 గంటలనుండి 2 గంటలవఱకు మిక్కిలి అనువైన వేళయని తేలినది. లేత యెండ హాయిగా నుండును గాని ఈ పనికి అంతగా చాలదు. అట్లని వైశాఖమాసమున నడిమిద్దెపై నిలువుడని నేను చెప్పను. చలికాలమున ఆ వేళ ముఖము, ముంజేతులు, పాదములు ఎండకు తగులునట్లు కొంతసేపు బట్టలు ఆరవేసికొనుడు. వేసవిలో కొద్ది నిమిషములే చాలునని, వడదెబ్బకు వెఱచి, నీడకు వచ్చివేయుడు. కిటికీ అద్దము వెనుక కూర్చున్న యెండ ఈ పనికి రాదు.

ఇక వ్యాయామము. మా యింట అత్తగారును నేనును కలిసి చేయుచున్నవి చెప్పెదను. వీనికి డబ్బు అక్కఱలేదు, ప్రత్యేకమైన బట్టలు అక్కఱలేదు.

మొదటిది, కుర్చీనుండి లేచుట. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుండి, చేతుల సాయము లేకుండ, లేదా వీలైనంత తక్కువ సాయముతో, మెల్లగా లేచి మెల్లగా కూర్చుండవలెను. మొదట ఐదు మాఱులు, క్రమముగా పది. దభాలున కూలబడరాదు. మెల్లగా కూర్చుండుటలోనే తొడకు పని యున్నది.

రెండవది, కాలు చాచుట. కుర్చీలో కూర్చుండియే ఒక కాలిని ముందుకు నిటారుగా చాచి, తొడకండరమును బిగించి, ఐదు లెక్కించి దింపవలెను. కాలు మార్చి మార్చి పదేసి మాఱులు. మోకాలినొప్పి గలవారికి ఇది తొలిమెట్టు.

మూడవది, మడమ లేపుట. వంటగట్టును పట్టుకొని మునివ్రేళ్ళపై లేచి దిగవలెను. పప్పు ఉడుకునంతలో పది మాఱులు చేయవచ్చును.

నాలుగవది, ఒంటికాలిపై నిలుచుట. గోడకు చేరువగా నిలిచి, వ్రేళ్ళు ఆనించి, పది లెక్కించువఱకు ఒక కాలిపై, పిమ్మట రెండవ కాలిపై నిలువవలెను. ఇది ఎముకకంటె తూకమునకు మేలు. పడనివారికి ఎముక విఱుగుట అరుదు గదా.

ఐదవది, గోడను నెట్టుట. గోడకు మూరెడు దూరమున నిలిచి, అఱచేతులు గోడపై ఆనించి, మోచేతులు వంచి, మరల నెట్టవలెను. మణికట్టునకు, భుజములకు బలము. మణికట్టు ఇటీవల విఱిగినవారు వైద్యుని అనుమతి పొందిన పిమ్మటనే చేయుదురు గాక.

వీనికి తోడు నడక. వారమునకు 150 నిమిషముల నడకయు, వారమున రెండు దినములైన కండరములకు బలమిచ్చు పనియు, పెద్దవారికి మూడు దినములు తూకము నేర్పు పనియు వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. నడక మోకాలికి, గుండెకు మంచిది. కాని ఎముకకు నడక యొక్కటే చాలదు. కొంత భారమును కావలెను. ఆస్ట్రేలియాలో ముట్లు ఉడిగి, ఎముకలు పలుచబడిన స్త్రీలచే వారమునకు రెండుమాఱులు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు, నేర్పరుల కనుసన్నలలో బరువులు ఎత్తించిరి. వెన్నెముక సాంద్రత వారికి నూటికి మూడు వంతుల మేర పెరిగినట్లు 2018లో అచ్చయిన ఆ పరిశోధన తెలుపుచున్నది. అట్టి పెద్ద బరువులను ఇంటిలో ఒంటరిగా ఎత్తరాదు. కాని కిలో బియ్యపు సంచులను రెండు చేతులతో ఎత్తి దింపుటకు ఎవరి కనుసన్నయు అక్కఱలేదు.

ఎంత చేయవలెను? వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలవంతులు సైతము చలికాలమునను వసంతమునను తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని చెప్పియున్నాడు. ఇంటిలో మొదలిడువారికి ఇంతకంటె మంచి కొలత నాకు కనబడలేదు. సగముతో మొదలిడుడు, నెలకు కొంత పెంచుడు. చేయునప్పుడు కొద్దిగా నొచ్చి, మఱునాటికి తగ్గినచో భయపడనక్కఱలేదు. మఱునాడును నొప్పి నిలిచినచో, కీలు వాచినచో, తగ్గించుడు గాని మానకుడు.

కొన్ని హెచ్చరికలు. ఎముకలు గుల్లబాఱినవారు నడుము వంచి పాదములు అందుకొను ఆసనములను, వంగి బరువు లేపుటను, నడుమును మెలిత్రిప్పుటను విడువవలెను. వెన్నుపూస నలుగును. నేలమీది వస్తువును మోకాళ్ళు వంచి, దేహమునకు చేరువగా పట్టి లేపవలెను. మోకాలు బాధించువారు గొంతుక్కూర్చుండుట, బాసిపట్లు తగ్గించి, ఎత్తైన పీట వాడుట మంచిది. మెట్లు ఎక్కునప్పటికంటె దిగునప్పుడు మోకాలిపై భారము హెచ్చు. నువ్వులనూనె మర్దనమువలన హాయి కలుగును, అరిగిన పొర తిరిగి మొలువదు. కీలు ఎఱ్ఱనై వేడిగా వాచి జ్వరము వచ్చినను, పడిన పిమ్మట కాలు మోపలేకున్నను, హఠాత్తుగా నడుమునొప్పి వచ్చినను, ఎత్తు తగ్గినట్లు తోచినను, ఇంటి వైద్యముతో కాలము గడుపరాదు. ఉబ్బసమునకో, ఇతర వ్యాధికో స్టెరాయిడు మందులు నెలల తరబడి వాడినవారు ఎముకలను పరీక్షింపజేసికొనవలెను. వైద్యుడు ఎముకలకు మందు వ్రాసినచో వ్యాయామము చేయుచున్నామని దానిని మానరాదు. ఒకటి రెండవదానికి బదులు కాదు.

ఇల్లాలి చేతిలో నున్న రక్ష మఱియొకటి కలదు. పడకుండ చూచుట. స్నానపుగదిలో సబ్బునీరు నిలువనీయకుడు, పట్టుకొనుటకు గోడకు ఒక కమ్మీ వేయింపుడు. పెరటి బండలపై పాచి గీకింపుడు. రాత్రి లేచు దారిలో చిన్న దీపముంచుడు. గడపకు తెల్లని రంగు గీత గీయుడు. చీర కుచ్చెళ్ళు పాదములక్రింద పడకుండ, అరిగిన చెప్పులు వాడకుండ చూడుడు. కన్నులు మసకబాఱినవేమో ఏటేట పరీక్షింపజేయుడు. మా పెరటి బండను నేను ఆ వానకాలమునకు ముందు గీకించియున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే లేకపోవునేమో!

మా అత్తగారి సంగతి తెలిసికొనగోరుదురు. కట్టు విప్పిన పిమ్మట నేను ఆమె పనులను ఒక్కొక్కటిగా తిరిగి అప్పగించితిని. అప్పగించుట తీసికొనుటకంటె కష్టమైనది. ఆమె మెల్లగా చేయుచుండగా చూచుచు ఊరకుండుటకు నాకు ఓర్పు చాలెడిది కాదు. తులసికి నీళ్ళు పోయుట, నిలుచుండి ఆకుకూర ఒలుచుట, చపాతిపిండి పిసుకుట, చిన్నచెంబులతో తొట్టి నింపుట ఇప్పుడు ఆమెవి. నడుము వంచి వాకిట ముగ్గు పెట్టుట తగదు గనుక, తులసికోట అఱుగుపై, చేతికందు ఎత్తున, చిన్న పద్మము పెట్టుచున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. పోవునని ఎవరును మాట యీయలేదు. నాలుగైదు నెలలకు కుర్చీనుండి నా చేయి లేకుండ లేచిరి. ఆనాడు ఇద్దఱమును ఏమియు మాటలాడుకొనలేదు.

గడచిన కార్తికమున అలిపిరికి పోదమని ఆమెయే అడిగిరి. పాదాలమండపము వద్ద మ్రొక్కి, కమ్మీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టునకు నిలుచుచు, తలయేరుగుండు వఱకు ఎక్కిరి. కొండ నెక్కువారు నొప్పులు రాకుండుటకై తలను, మోకాళ్ళను ఆ గుండునకు తాకించు ఆచారము మీలో పలువురెఱిగినదే. ఆమె తాకించిరి. మోకాళ్ళ పర్వతము అక్కడికి ఎంతో దూరమున, ఎంతో పైన నున్నది. అచ్చటికి పోవలెనని ఆమె కోరలేదు. "ఈ ఏడు ఇంతవరకు చాలు" అని నా చేయి పట్టుకొనక, కమ్మీనే పట్టుకొని దిగిరి.

సోదరీమణులారా! మీ యింట నొప్పితో బాధపడు పెద్దవారున్నచో వారి భారమైన పనిని తప్పక తీసికొనుడు. కాని వారి చేతిలోని చెంబును మాత్రము తీసికొనకుడు. అది వారి బలము. ఈ దినముననే వారిని అడిగి, వారికి ఇష్టమైన యొక పనిని తిరిగి అప్పగింపుడు. వారు కుర్చీనుండి లేచునప్పుడు ప్రక్కకుర్చీలో మీరును కూర్చుండి, వారితోపాటు పది మాఱులు లేవుడు. వారికి అది చికిత్స, మీకు అది మదుపు.

వచ్చు మాసమున పిల్లల దంతరక్షణను గూర్చి ముచ్చటింతము.